ఎలక్ట్రిక్ కారు కొంటే పొగ నిజంగ తగ్గుతదా, లేకుంటే మా రామగుండం మీద పడుతదా?

గోదారిఖని_పోరడు | గోదావరిఖని

అన్నలకు అక్కలకు నమస్తే. హైదరాబాద్‌ల ఉండే మా బావ ఈ మధ్య ఈవీ తీస్కున్నడు, పచ్చ నంబర్ ప్లేట్ జూపిచ్చుకుంట "మాది జీరో పొల్యూషన్ బండి రా" అని ఇంట్ల అందరి ముందల ఒకటే డైలాగులు. మా ఇల్లు రామగుండం ఎన్టీపీసీ బొగ్గు కరెంట్ ప్లాంటుకు దగ్గర్నే. ఎండకాలం గాలి లేసిందంటే బూడిద చెరువు దిక్కుకెల్లి దుమ్ము వచ్చి దండెం మీది బట్టల మీద, నీళ్ల ట్యాంకు మూత మీద పడుతది, అమ్మ రోజు రెండుసార్లు తుడుస్తది. బావ రాత్రి మియాపూర్‌ల ప్లగ్గు పెడితే ఆ కరెంట్ యాడికెల్లి వస్తది, మా దిక్కుకెల్లే గదా. నేను ఈవీలకు వ్యతిరేకం కాదు, నేను గూడ ఒకటి కొందామనే చూస్తున్న, కాని ఈ జీరో ముచ్చట నాకు మింగుడు పడ్తలేదు. లెక్క తెలిసినోళ్లు చెప్పుర్రి. మన కరెంటుతోని, మన రోడ్ల మీద ఏమైతదో కావాలె.

డీజిల్_దొర | నెల్లూరు

నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటా ఉండేది ఇదే కదా బ్రో. పొగ గొట్టం కారుకి లేదు అంతే, పవర్ ప్లాంటుకి ఉంది. మా కృష్ణపట్నం కాడికి ఒకసారి రమ్మనండి ఈ పచ్చ ప్లేటోళ్ళని, థర్మల్ ప్లాంట్లు చూపిస్తా. పైగా ఆ బ్యాటరీ చేసేదానికే సగం ప్రపంచాన్ని తవ్వాల. నేను చెన్నై బెంగళూరు తిరుగుతానే ఉంటా, నా డీజిల్ బండి హైవే మీద ఇరవై పైనే ఇస్తాది, ఛార్జర్ కాడ నిలబడి ముందున్న వాడి బండి ఎప్పుడు నిండుతుందా అని చూసే ఓపిక నాకు లేదు.

లెక్కల_మాస్టారు | గుడివాడ

బాబూ, మంచి ప్రశ్న అడిగావు. కాగితం మీద వేసి చూపిస్తా, ఎవరికైనా ఏదన్నా అంకె నచ్చకపోతే మార్చి వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

మన గ్రిడ్‌లోకి వచ్చే ఒక్కో యూనిట్‌కి, బొగ్గు సోలార్ హైడ్రో అన్నీ కలిపి సగటున, 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ పడుతుందని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ లెక్క. 0.72 అనుకుందాం. లైన్లలో పోయేది 15 శాతం, ఛార్జర్‌లో వేడిగా పోయేది ఇంకో 10 శాతం వేసుకుంటే బ్యాటరీలోకి ఒక యూనిట్ చేరేసరికి 0.94 కిలోలు అవుతుంది. నెక్సాన్ సైజు ఈవీ యూనిట్‌కి 7 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకి 134 గ్రాములు.

అదే సైజు పెట్రోల్ బండి సిటీలో లీటరుకి 14 ఇస్తుంది అనుకోండి. లీటరు కాలితే 2.3 కిలోలు, ఆ ముడి చమురు తోడి, ఓడలో తెచ్చి, రిఫైనరీలో కాచినందుకు ఇంకో అరకిలో, వెరసి 2.8. కిలోమీటరుకి 200 గ్రాములు. తేడా 66 గ్రాములు, ఈవీ వైపే.

ఇక బ్యాటరీ. దాన్ని తయారు చేసేటప్పుడే ఒక్కో యూనిట్ కెపాసిటీకి 60 నుంచి 100 కిలోల దాకా కార్బన్ ఖర్చవుతుంది, ఆ ఫ్యాక్టరీ ఎక్కడుంది, ఏ కరెంటు మీద నడుస్తుంది అనేదాన్ని బట్టి. 70 వేసుకుంటే 40 యూనిట్ల బ్యాటరీకి 2.8 టన్నులు. అది బండి షోరూం దాటకముందే నెత్తిన ఉన్న అప్పు. 66 గ్రాముల చొప్పున తీర్చుకుంటూ పోతే 42 వేల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా మీ బావగారి బండి పెట్రోల్ బండి కంటే వెనకే, ఆ తర్వాత తిరిగినదంతా లాభం. జీరో మాత్రం ఎప్పటికీ కాదు.

ఐటీ_కారిడార్ | కొండాపూర్

మాస్టారి లెక్క కరెక్టుగానే ఉంది, పెద్ద స్టడీలు కూడా ఇంచుమించు ఇదే చెప్తున్నాయి. ఐసీసీటీ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ వాళ్ళు 2021లో తయారీ నుంచి తుక్కు దాకా లెక్క కట్టి, ఇండియాలో మీడియం సైజు ఈవీ పెట్రోల్ బండి కంటే 19 నుంచి 34 శాతం తక్కువ అన్నారు. అదే యూరప్‌లో 66 నుంచి 69 శాతం తక్కువ. బండి అదే, బ్యాటరీ అదే, ప్లగ్గు వెనక ఏముందో అదే తేడా. మనకి 19 అంటే గొప్పా కాదా అనేది మీరే తేల్చుకోండి, నాకైతే "భూమిని కాపాడుతున్నా" అని స్టిక్కర్ అంటించుకునేంత కాదు.

గోదారిఖని_పోరడు

మాస్టారూ దండాలు. గని ఒక డౌట్. మీరు సగటు కరెంట్ అని వేసిన్రు. మా బావ పెట్టేది రాత్రి పదింటికి, రాత్రి సూర్యుడు యాడుంటడు. ఇక్కడ మా రామగుండంల 2022ల నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు ఏసిన్రు, చూస్తానికి మస్తుంటది, కాని దాని ఎంబడే ఉన్న పాత బొగ్గు ప్లాంటు 2600 మెగావాట్లు, మల్లా కొత్తగ 800వి రెండు యూనిట్లు లేసినయి. రాత్రి లెక్క ఏందో చెప్పుర్రి.

లెక్కల_మాస్టారు

అసలు ప్రశ్న అదే. మొత్తం బొగ్గు కరెంటే అనుకుంటే యూనిట్‌కి ఒక కిలో దగ్గర్లో ఉంటుంది, లైన్ల నష్టం ఛార్జర్ నష్టం కలిపి 1.3, అంటే కిలోమీటరుకి 187 గ్రాములు. పెట్రోలుకి 200. పదమూడు గ్రాముల తేడాతో 2.8 టన్నుల అప్పు తీరాలంటే రెండు లక్షల కిలోమీటర్లు దాటాలి, అప్పటికి బండి ఉంటుందో లేదో.

బూడిద లెక్క కూడా చెప్తా, మీ అమ్మగారు తుడిచేది అదే కాబట్టి. యూనిట్‌కి ఇంచుమించు 0.7 కిలోల బొగ్గు, మన బొగ్గులో మూడో వంతు బూడిదే. 40 యూనిట్ల బ్యాటరీ ఒకసారి నింపడానికి, నష్టాలన్నీ కలుపుకుని, 37 కిలోల దాకా బొగ్గు, పన్నెండు కిలోల దాకా బూడిద. దాన్ని సిమెంటు వాళ్ళు, ఇటుకల వాళ్ళు పట్టుకుపోతారు, పోగా మిగిలింది మీ చెరువుకి.

డీజిల్_దొర

చెప్పానా లేదా. పన్నెండు కిలోల బూడిద అంట. నా సైలెన్సర్లో నుంచి బూడిద ఎప్పుడన్నా రాలిందా.

షెడ్డు_సత్తి | విజయవాడ ఆటోనగర్

దొరగారూ మీ సైలెన్సర్లోంచి రాలదు గానీ మా ఊపిరితిత్తుల్లోకి పోద్దండి, బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో మీ వెనక బైక్ మీద ఉండేది నేనే. బీఎస్6 ఫిల్టరు బ్లాక్ అయిందని పీకేసి పైపు వెల్డింగ్ కొట్టించుకుపోయే డీజిల్ బళ్ళు మా లైన్లో వారానికి ఒకటన్నా వస్తాయి, పేర్లెందుకు.

నేను ఈవీలు కూడా చూస్తా కాబట్టి నాకు తెలిసింది చెప్తా. జనం భయపడేదంతా బ్యాటరీ గురించే, మా దగ్గరికి వచ్చేవి మాత్రం ఎక్కువ చిన్న గొడవలే. బానెట్ కింద ఉండే పన్నెండు ఓల్టుల బ్యాటరీ డౌన్ అయ్యి బండి మొత్తం చచ్చిపడుద్ది, ఓనరు పెద్ద ప్యాక్ పోయిందనుకుని ఏడుస్తా టో చేసుకొస్తాడు. పెద్ద ప్యాక్‌లో వచ్చే కంప్లైంటు ఏంటంటే, ఒక మాడ్యూల్లో ఒకట్రెండు సెల్స్ మిగతావాటికంటే ఓల్టేజ్ తక్కువ చూపిస్తాయి, బీఎంఎస్, అంటే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే కంప్యూటరు, ఊరుకోదు, బలహీనంగా ఉన్న సెల్ ఎక్కడ ఆగితే బండిని అక్కడే ఆపేస్తది. ఆ మాడ్యూల్ ఒక్కటి మారిస్తే పని అయిపోద్ది. కానీ వారంటీ ఉన్నప్పుడు షోరూం వాళ్ళు ప్యాక్ ప్యాకే దించి మార్చేస్తారు, అంటే బాగున్న సెల్స్ కూడా దాంతోపాటే పోతాయి. పొల్యూషన్ గురించి మాట్లాడేవాళ్ళు ఇది ఒకటి అడగండి ముందు, మాడ్యూల్ విడిగా ఎందుకివ్వరు అని.

పగటి_సోలార్ | కర్నూలు

రాత్రి ఛార్జింగ్ అనే దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. మాది కర్నూలు, ఓర్వకల్లు దాటినాక వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉండాది, మధ్యాహ్నం పూట ఆ దావన పోతే కళ్ళు మూసుకోవాల్సిందే, అంత మెరుస్తుంది. మేము ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టించుకున్యాం, పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు వచ్చింది, ఎండ బాగుంటే రోజుకి పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. నేను బడికి పోయొచ్చేది స్కూటీ మీద, కారు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి పదకొండుకి మా అత్త ప్లగ్గు పెడుతుంది, మూడుకి తీసేస్తుంది. మాస్టారు గారూ, మా బండి అప్పు ఎన్ని కిలోమీటర్లకి తీరుతుందో చెప్పండి.

లెక్కల_మాస్టారు

పలకల తయారీ కూడా కలుపుకున్నా మీకు కిలోమీటరుకి పది గ్రాముల లోపే అమ్మా. తేడా 190. పదిహేను వేల కిలోమీటర్లకి బాకీ చెల్లు. ఒకటే బండి, రాత్రి బొగ్గు మీద రెండు లక్షలు, పగలు ఎండ మీద పదిహేను వేలు.

ఐటీ_కారిడార్

అక్కా మీ అత్తగారికి దండం. మాకేమో పగలు కారు ఆఫీసు బేస్‌మెంట్లో తొమ్మిది గంటలు ఊరికే పడి ఉంటుంది, అక్కడ మూడొందల కార్లకి రెండు ప్లగ్గులు, అవి కూడా ఎప్పుడూ ఎవరో పెట్టేసి మీటింగుకి పోయుంటారు. ఇంటికొచ్చాక రాత్రే గతి. ఇంకా చెప్పాలంటే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు సొంత మీటరు లైను లాక్కోవడానికి ఒప్పుకోవడానికే ఏడాది పట్టింది, మంటలొస్తాయంట, పక్కన పార్క్ చేసిన పెట్రోల్ ట్యాంకులకి మాత్రం పర్మిషన్ అక్కర్లేదు.

సెంట్రల్ గవర్నమెంటు 2023లో రూల్ తెచ్చింది, ఎండ ఉన్న టైములో కరెంటు రేటు 10 నుంచి 20 శాతం తక్కువ పెట్టమని. ఇంకో పక్క రాజస్థాన్‌లో 2025లో మధ్యాహ్నం పూట సోలార్ కరెంటు పంపడానికి లైన్లు చాలక ప్లాంట్లని ఆపించారు. అక్కడ ఎండ వేస్ట్, ఇక్కడ మేము రాత్రి పదకొండుకి ప్లగ్గు. రోడ్డు పక్కన ఇంకో ఫాస్ట్ ఛార్జర్ పెట్టేకంటే ఆఫీసుల్లో, కాలేజీల్లో, స్టేషన్ పార్కింగుల్లో మామూలు పదిహేను ఆంప్స్ సాకెట్లు వందలకొద్దీ పెడితే చాలు, తొమ్మిది గంటలు నెమ్మదిగా ఎక్కుతుంది, ఎవడికి తొందర.

సముద్రం_సూరి | స్టవాంగర్, నార్వే

నేనుండే దేశం గురించి ఎవరో ఒకరు తెస్తారని చూస్తున్నా, ఎవరూ తేలేదు కాబట్టి నేనే వచ్చా. ఇక్కడ 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్. కరెంటు దాదాపు అంతా నీళ్ళ నుంచే, కొండల మీద డ్యాములు. ఏళ్ళ తరబడి పన్నులు తీసేసి, పెట్రోల్ బళ్ళ మీద బాది, జనాన్ని ఇటు తిప్పారు. కానీ నేను పనిచేసేది చమురు కంపెనీల కాంట్రాక్టులోనే, ఈ ఊరు బతికేదే సముద్రంలో తీసే నూనె మీద. ఇంట్లో కరెంటు కారు, అమ్మేది మాత్రం ఆయిలు. ఇక్కడి వాళ్ళు దీని గురించి పెద్దగా మాట్లాడరు, మనమైతే టీ కొట్టు దగ్గర చీల్చి చెండాడేవాళ్ళం.

ఇంకోటి, ఈవీ వచ్చినంత మాత్రాన గాలి మొత్తం శుభ్రం అయిపోదు. ఓస్లోలో చలికాలం మేకుల టైర్లు వేసుకుంటే విడిగా ఫీజు కట్టాలి, రోడ్డు గీరుకుపోయి దుమ్ము లేస్తుందని. అది ఈవీకైనా ఒకటే. బండి బరువు ఎక్కువ కదా, టైరు అరుగుదల ఎక్కువే. బ్రేకుల పొడి మాత్రం బాగా తగ్గుతుంది, పెడల్ వదిలేస్తే మోటారే ఆపేస్తుంది కాబట్టి.

రాగి_నేల | గుంటూరు, ఇంతకుముందు లుబుంబాషి (కాంగో)

డీజిల్ దొర "సగం ప్రపంచాన్ని తవ్వాల" అన్నాడు కదా, ఆ తవ్వే చోట నేను మెషినరీ మెయింటెనెన్సులో పనిచేశా కాబట్టి రెండు ముక్కలు. ప్రపంచం మొత్తం కోబాల్టులో డెబ్బై శాతం పైన కాంగో నుంచే వస్తుంది. కొల్వేజి వైపు పోతే పెద్ద కంపెనీల గనులు కంచెల లోపల ఒక పద్ధతిగా ఉంటాయి, కంచె బయట మనుషులు చేత్తో తవ్వుకునే గుంతలు ఉంటాయి, తాడు కట్టుకుని దిగుతారు, కాళ్ళకి చెప్పులు కూడా ఉండవు, గోతాల్లో రాయి నింపి సైకిల్ మీద కొనుగోలు షెడ్డుకి తోసుకుపోతారు. అక్కడ తూకం వేసేవాడు చెప్పిందే గ్రేడు, చెప్పిందే రేటు. పిల్లలు కూడా ఉంటారు, వాగులో రాళ్ళు కడుగుతూ. ఇదంతా నిజం, కళ్ళారా చూసిందే.

కానీ మన దగ్గర అమ్ముడుపోయే ఈవీల్లో ఎక్కువ భాగం, నెక్సాన్ గానీ పంచ్ గానీ మహీంద్రా కొత్తవి గానీ, ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలు, అంటే ఇనుము ఫాస్ఫేటు. వాటిలో కోబాల్టూ లేదు, నికెలూ లేదు. చేతిలో ఫోను పట్టుకుని కోబాల్ట్ గురించి ఈవీ వాడిని తిట్టేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది, ఫోన్లో ఉండేది కోబాల్ట్ బ్యాటరీనే. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయిందని కాంగో ప్రభుత్వం ఎగుమతులే ఆపేసింది, తర్వాత కోటాలు పెట్టింది. గుంతలో దిగేవాడికి అప్పుడు ఆ కూలి కూడా లేదు. ఎల్‌ఎఫ్‌పీ వచ్చింది కాబట్టి వాడి కష్టం తీరింది అని మాత్రం అనుకోకండి.

ఎల్‌ఎఫ్‌పీకి లిథియం, రాగి, గ్రాఫైటు ఎలాగూ కావాలి. లిథియం కోసం చిలీ అటకామాలో ఉప్పునీళ్ళు తోడి ఎండబెడతారు, అసలే వాన పడని ఎడారి. ఆ ఉప్పు చివరికి చైనాలో శుద్ధి అయ్యి, అక్కడే సెల్ అయ్యి మనకొస్తుంది. ఆ ఫ్యాక్టరీ కరెంటులోనూ సగం పైన బొగ్గే.

డీజిల్_దొర

సరే కోబాల్ట్ లేదు, ఒప్పుకుంటా. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ ఇనుప ఫాస్ఫేటు పెట్టెని ఏం చేస్తారు, బావిలో వేస్తారా?

షెడ్డు_సత్తి

బావిలో ఎందుకేస్తారండీ, నాకియ్యండి. ఎనభై శాతం మిగిలిన ప్యాక్ అంటే కారుకి రేంజ్ తగ్గింది గానీ ఇంటి ఇన్వర్టరుకి రాజా లాంటిది. మా లైన్లో పాత సెల్స్ ఏరి, కెపాసిటీ టెస్ట్ చేసి, జత కుదిరినవి కలిపి సోలార్ పంపులకి కట్టేవాళ్ళు ఉన్నారు. అయితే ఇందులో ప్రమాదం కూడా ఉందండి, బీఎంఎస్ లేకుండా టేపు చుట్టి అమ్మేసేవాళ్ళు కూడా ఉన్నారు.

రాగి_నేల

2022లో బ్యాటరీ వేస్ట్ రూల్స్ వచ్చాయి, అమ్మిన కంపెనీయే వెనక్కి తీసుకుని రీసైక్లింగ్ చేయించాలి. కాగితం మీద బాగుంది. చిక్కేంటంటే రీసైక్లింగ్ వాడికి డబ్బులొచ్చేది కోబాల్టు, నికెలు అమ్మితే. ఎల్‌ఎఫ్‌పీ నలగ్గొట్టి ఆ నల్లపొడి తీస్తే అందులో ఇనుమే ఎక్కువ, లిథియం కొంచెం, రేటు పలకదు. కోబాల్టు లేదని మనం మెచ్చుకునే బ్యాటరీయే తుక్కు వాడికి చేదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా వాళ్ళు సెల్ ఫ్యాక్టరీ కడుతున్నారు, అలాంటివి నాలుగు వస్తే ఆ పొడికి ఇక్కడే గిరాకీ పుడుతుంది.

మోడరేటర్

ఏ ప్రభుత్వం ఏం చేసింది అనే పోస్టులు ఆరు తీసేశాను. పార్టీల గొడవ వేరే దారంలో పెట్టుకోండి, ఇక్కడ బండి గురించే.

ఆటో_అప్పారావు | విశాఖ

అందరూ కార్ల గోలే గానీ మా గురించి ఎవరూ మాట్లాడరేంటండీ. 2024లో దేశంలో అమ్ముడైన మూడు చక్రాల బళ్ళలో సగం పైనే కరెంటువి, కార్లేమో వందకి రెండు. నేను పాత డీజిల్ ఆటో అమ్మేసి కరెంటుది తీసుకున్నాను, గాజువాక నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ దాకా రోజంతా తిరుగుతానే ఉంటాను, మాస్టారు చెప్పిన బ్యాటరీ అప్పు మాకు చిన్నది, తిరిగేది ఎక్కువ, కాబట్టి ఇట్టే తీరిపోద్ది కదండీ. కారు కొన్నోళ్ళు ఆదివారం గుడికి తీస్తారు, మిగతా రోజులు కవరు కప్పి ఉంచుతారు, ఆ అప్పు ఎప్పటికి తీరాలి? మధ్యాహ్నం ఎలాగూ బేరాలు ఉండవు, భోజనానికి ఇంటికొచ్చి రెండు గంటలు పెట్టేస్తాను.

లెక్కల_మాస్టారు

అప్పారావు గారు నా కంటే బాగా చెప్పారు. బ్యాటరీ ఎంత చిన్నది, బండి ఎంత తిరుగుతుంది, ప్లగ్గు ఎప్పుడు పెడతారు, ఈ మూడే. హైదరాబాద్‌లో 2019లో ఎయిర్‌పోర్ట్ రూట్లో వేసిన ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సు ఒక్కొక్కటి రోజుకి వందల కిలోమీటర్లు తిరుగుతుంది, యాభై మందిని మోస్తుంది. అదే ఇప్పుడొచ్చే పెద్ద ఎస్‌యూవీలు 79 యూనిట్ల బ్యాటరీ, దాదాపు రెండు టన్నుల బరువు, లోపల ఒక మనిషి. దానిలో ఉన్న సెల్స్‌తో అప్పారావు గారి లాంటి ఆటోలు ఎనిమిది తయారవుతాయి. తెలంగాణలో 2024లో ఇచ్చిన రోడ్డు టాక్సు మినహాయింపు మాత్రం ఇలాంటి ఆటోకీ, ఆ ఎస్‌యూవీకీ ఇద్దరికీ ఇచ్చారు.

డీజిల్_దొర

ఆటోకి, బస్సుకి నాకేం అభ్యంతరం లేదు. నా రూటుకి మాత్రం డీజిలే. ఆ 42 వేలు నేను ఏడాదిలో తిరిగేస్తా అని లెక్క చూపించొద్దు నాకు.

ఐటీ_కారిడార్

దొరా, మీరే చెప్పేశారు, మేము ఇంకేం చెప్పాలి 😂

గోదారిఖని_పోరడు

అందరికీ మస్తు థ్యాంక్స్. బావకు ఈ దారం మొత్తం పంపిన, చూసిండు, రిప్లై ఇస్తలేడు. నాకు సమజైంది ఏందంటే మా బూడిద ఈవీలతోనే వస్తలేదు, మీ ఏసీలు, లిఫ్టులు, ఫ్యాక్టరీలు అన్నిటిది కలిపి వస్తున్నది, ఈవీ అందుల చిన్న ముక్క. పొగ గొట్టాలకు గంధకం ఫిల్టర్లు పెట్టాలని 2015ల రూల్ తెచ్చి, గడువు పెంచుకుంట పెంచుకుంట పోయి, 2025 జూలైల దేశంల చానా ప్లాంట్లకు అవసరమే లేదని మినహాయింపు ఇచ్చేసిన్రు. దాని గురించి ఒక్క పచ్చ ప్లేటోడు గూడ అడిగినట్టు నేను చూడలే. జీరో జీరో అని ప్రచారం చేసేటోళ్లు గీ ముచ్చట గూడ అడిగితే మా అమ్మ సంతోషపడుతది.

ఇగ నా బండి సంగతి. మా ఇంటి మీద జాగ ఉన్నది, 3 కిలోవాట్ల సోలార్ ఏపిస్త. డ్యూటీ షిఫ్టులు కాబట్టి వారం విడిచి వారం పగలు ఇంట్లనే ఉంట. కొత్తది కొనకుంట సెకండ్ హ్యాండ్‌ల 24 యూనిట్ల చిన్న బండి చూస్తున్న, కరీంనగర్‌ల ఒకటి ఉన్నది. సత్తన్నా, బ్యాటరీ మంచిగుందో లేదో ఎట్ల చూడాలె?

లెక్కల_మాస్టారు

సెకండ్ హ్యాండ్ మంచి ఆలోచన బాబూ, అప్పు సగం మొదటి ఓనరే తీర్చేసి ఉంటాడు.

షెడ్డు_సత్తి

మీటర్లో చూపించే రేంజ్ నమ్మకు తమ్ముడూ, అది మొన్న ఎలా తోలారో దాన్ని బట్టి మారిపోద్ది. సర్వీస్ సెంటర్లో బ్యాటరీ హెల్త్ రిపోర్టు తీయించమను, ఓనరు తీయించనంటే అక్కడే వదిలెయ్. తర్వాత వంద శాతం ఎక్కించి పది శాతం దాకా తోలు, ట్రిప్పులో ఎన్ని యూనిట్లు వాడిందో చూపిస్తది, 24 బ్యాటరీలో తొంభై శాతానికి ఇరవై ఒకటి దగ్గర రావాలి, పద్దెనిమిది కూడా రాకపోతే బేరం దించు. ముప్పై శాతం దగ్గర నుంచి టపీమని పదిహేనుకి పడితే సెల్ పోయినట్టే, తీసుకోకు. బండి కింద ప్యాక్ మూతకి గీతలు, సొట్టలు, బోల్టులు విప్పిన గుర్తులు ఉన్నాయేమో టార్చి వేసి చూడు, వరద నీళ్ళలో నిలబడిన బళ్ళు కూడా పాలిష్ కొట్టి అమ్మేస్తున్నారు. ఇంట్లో పదిహేను ఆంప్స్ పాయింటుకి విడిగా ఎర్తింగ్ గుంత తీయించుకో, పాత ఎర్త్ సరిగా లేకపోతే ఛార్జర్ ఎక్కదు.

గోదారిఖని_పోరడు

సరే అన్నా. ఆదివారం పోతున్న, టార్చిలైట్ పట్టుకొని. ఫొటోలు ఈడనే పెడుత.